పోలీస్ స్టేషన్ వాళ్లకు బిల్లు వేయవచ్చా?

కరకంబాడి రోడ్డు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతి కరకంబాడి రోడ్డులో మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. నాన్నగారికి మోకాళ్లు సహకరించక ఉగాది నుంచి గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటున్నాను. లెక్కలు సరిచూస్తుంటే ఖాతా పుస్తకంలో "స్టేషన్" అని ఒక పేజీ కనబడింది. తేదీలు ఉన్నాయి, ఎన్ని ప్లేట్లో రాసి ఉంది, మొత్తం వేయాల్సిన చోట మాత్రం అడ్డగీత. పాత పుస్తకాలు తిరగేస్తే అన్నింట్లోనూ అదే పేజీ, అదే అడ్డగీత.

నాన్నను అడిగితే "వాళ్లు అడగలేదమ్మా, నేనే తీసుకోలేదు" అన్నారు. ఎందుకు తీసుకోలేదు అంటే మాట దాటేశారు.

మొన్న కొత్తగా బదిలీ అయి వచ్చిన కానిస్టేబుల్ ఒకాయన తినగానే పర్సు తీశాడు. మా మాస్టర్ వంటగదిలో నుంచి పరుగున వచ్చి "వద్దు సార్, వద్దు" అని చేయి పట్టుకున్నాడు. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి పర్సు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నుంచి తీయడం లేదు. డబ్బు ఇవ్వాలనుకున్న మనిషి మా కొట్టులోనే ఆ అలవాటు మానుకున్నాడన్న సంగతి నన్ను తొలుస్తోంది.

ఇకపై అందరిలాగే వాళ్లకూ బిల్లు వేయాలనుకుంటున్నాను. అవమానించినట్లు అవుతుందా? చట్టం ఏమంటుంది? మీ మీ వ్యాపారాల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

నిర్వాహకులు · ఆదివారం, రాత్రి 9:52

మంచి చర్చ. ఒక్కటే షరతు: ఏ స్టేషన్ పేరూ, ఏ అధికారి పేరూ, ఏ హోటల్ పేరూ రాయవద్దు.

ఏడుకొండలు · ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, మీ నాన్నగారు చేసింది తప్పు అనకండి. మే నెలలో మిట్టమధ్యాహ్నం లీలామహల్ సెంటర్లో ఒక్క అరగంట నిలబడి చూడండి. ఆ ఎండలో బూట్లు, టోపీ, ఖాకీ వేసుకుని చేతులు ఊపుతూ నిలబడే మనిషికి గ్లాసెడు మజ్జిగ ఇస్తే అది లంచమా? 2020 లాక్‌డౌన్‌లో మనమందరం తలుపులు వేసుకుని లోపల కూర్చుంటే రోడ్డు మీద ఉన్నది వాళ్లే. అప్పుడు మా వీధివాళ్లం వంతులు వేసుకుని భోజనం పంపించాం. ఎవరూ ఏమీ ఆశించలేదు. ఆకలితో ఉన్నవాడికి పెట్టడం ఈ ఊరి ధర్మం. దానికి కూడా చట్టాలు వెతికితే మనుషుల మధ్య ఏమీ మిగలదు.

స్వర్ణముఖి · ఆదివారం, రాత్రి 10:31

ఏడుకొండలు గారూ, లాక్‌డౌన్‌లో మీరు పెట్టిన భోజనాన్ని ఎవరూ తప్పు పట్టరు. అయితే లీలామహల్ సెంటర్లో అదే ఎండలో చీపురు పట్టుకుని ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు కూడా ఉంటుంది. ఏ హోటల్ అయినా ఆమె దగ్గర "వద్దమ్మా" అని డబ్బు తీసుకోకుండా పంపిందా? ఎండే కారణమైతే ఆమెకూ అదే మర్యాద దక్కాలి కదా.

ధర్మం ఎలా ఉంటుందో మన ఊళ్లోనే చూడవచ్చు. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో బందోబస్తుకు వచ్చిన పోలీసూ, మోకాళ్ల పర్వతం ఎక్కి వచ్చిన భక్తుడూ ఒకే వరుసలో కూర్చుని తింటారు. అక్కడ తిన్నందుకు ఎవరూ ఎవరికీ రుణపడరు. ఎవరు వచ్చినా పెడతారు కాబట్టి అందులో అనుమానానికి చోటు లేదు. అలాగే మీ కొట్టు ముందు చలివేంద్రం పెట్టి ఎవరు వస్తే వాళ్లకు మజ్జిగ పోయండి, నేనూ వచ్చి పోస్తాను. యూనిఫాం చూసి మాత్రమే మాఫీ అయ్యే బిల్లు గురించే ఈ అమ్మాయి అడుగుతోంది.

శేషాచలం · సోమవారం, ఉదయం 6:15

నేను హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేశాను. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అయితే స్టేషన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఇంకొంచెం స్పష్టంగా మాట్లాడుకోవచ్చు.

రైలు పట్టాల పక్కనో, బస్టాండులోనో గుర్తుతెలియని శవం దొరుకుతుంది. తిరుపతిలో ఇది అరుదు కాదు, దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు కదా. పంచనామాకు మనుషులను పిలవాలి, బండి మాట్లాడాలి, తెల్లగుడ్డ కొనాలి, ఆసుపత్రికి చేర్చాలి, ఎవరూ రాకపోతే పూడ్పించాలి. పెట్టిన ఖర్చు కాగితాల మీద ఎప్పటికో తిరిగి వస్తుంది, ఒక్కోసారి రాదు. అంతవరకు ఎవరు పెట్టుకోవాలి? కానిస్టేబుల్ జేబులో నుంచి తీయాలి, లేదా స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ ఎవరో ఒక దుకాణదారుకు ఫోన్ చేయాలి. నిందితుణ్ణి పట్టుకొస్తే వాడికి భోజనం పెట్టాలి. అదీ ఇంతే. బందోబస్తు రోజున తెల్లవారుజామున నిలబెడతారు, భోజనం పొట్లం ఏ మూడింటికో వస్తుంది. అన్నం గట్టిపడి ఉంటుంది. పక్కనే హోటల్లో వేడి దోసె వాసన. యజమాని రమ్మని పిలుస్తాడు. మీరైతే ఏం చేస్తారు?

ఇంత చెప్పాక రెండోవైపు కూడా చెప్పాలి. రాత్రి హోటళ్లు మూయించే సమయంలో గస్తీ ఎలా నడుస్తుందో నేను చూశాను. రోజూ టిఫిన్ పెట్టే హోటల్ షట్టర్ సగం దించి లోపల వ్యాపారం చేసుకుంటుంది. దాని పక్కనే కొత్తగా పెట్టిన హోటల్ వాడు చివరి గిరాకీకి నీళ్లు ఇస్తుంటేనే విజిల్ వేస్తారు. ఆ మొదటి హోటల్‌ను వదిలేయమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నడక దానంతట అదే నెమ్మదిస్తుంది. ఉచితం చేసే పని అదే. ఫలానా పని చేసిపెట్టమని ఎవరూ అడగరు. అడగనక్కరలేదు.

లాడ్జి లెక్కలు · సోమవారం, ఉదయం 11:20

అందరూ ఇడ్లీ, మజ్జిగ దగ్గరే ఆగిపోతున్నారు. తిరుపతిలో అసలు భారం గదులు.

రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో మేనేజరుగా పని చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రమైతే ఫోన్ మోగుతుంది. "సార్ వాళ్ల చుట్టాలు వస్తున్నారు, రెండు ఏసీ గదులు చూడు." ఆ సార్ ఈ ఊరి అధికారి కూడా కాకపోవచ్చు. ఎక్కడో వేరే జిల్లాలో ఉన్న అధికారికి ఇక్కడ బ్యాచ్‌మేట్ ఉంటాడు, ఆయన కింద ఎస్సై, ఆయన కింద కానిస్టేబుల్, ఆ కానిస్టేబుల్ దగ్గర నా నంబరు. రాష్ట్రంలో ఎవరు పోలీసు ఉద్యోగం చేస్తున్నా ఏడాదికి ఒకసారైనా వాళ్ల బంధువులు ఏడుకొండలవాడి దర్శనానికి రావాల్సిందే కదా. కడపలోనో, ఒంగోలులోనో లేని బరువు తిరుపతి లాడ్జీల మీద ఉండటానికి కారణం ఇదే.

గరుడసేవ రోజు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు: ఏడాదిలో ఏ రోజుల్లోనైతే గదికి నాలుగు రూపాయలు వస్తాయో ఆ రోజుల్లోనే ఈ ఫోన్లు. రిజిస్టర్లో పేరు, ఊరు, ఆధార్ అన్నీ రాస్తాం. అద్దె కాలమ్‌లో ఏమీ రాయం. చివరి కాలమ్‌లో "గెస్ట్" అని పెన్సిల్‌తో రాస్తాం, పెన్నుతో రాయవద్దని యజమాని చెప్పారు. గదితో అయిపోదు. కారు కూడా కావాలి. తిరుమల, తిరుచానూరు, శ్రీకాళహస్తి, వీలైతే కాణిపాకం. ట్రావెల్స్ వాళ్లు డీజిలు పోసుకుని పంపిస్తారు. డ్రైవరుకు ఆ రోజు బత్తా కూడా దక్కదు. వచ్చినవాళ్లకు ఈ సంగతి ఏమీ తెలియదు. "మా బావగారు ఏర్పాటు చేశారు" అనుకుంటారు. కాఫీ బాగాలేదని నన్ను మందలించి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

కాదనవచ్చు కదా అంటారేమో. లాడ్జి నడపడమంటే పోలీసులతో ప్రతి వారం పని ఉంటుంది. రిజిస్టర్ తనిఖీ, విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఆ వివరాలు పంపడం, ఇంట్లో చెప్పకుండా వచ్చిన జంట, గదిలో పేకాట, ఎప్పుడైనా ఎవరైనా గదిలో ప్రాణం తీసుకుంటే దాని తర్వాత నెలల తరబడి తిరుగుడు. రాత్రి పన్నెండింటికి తలుపులు కొట్టి ప్రతి గదినీ లేపి తనిఖీ చేస్తే అది చట్టప్రకారమే. యాత్రికులు మాత్రం మళ్లీ మా లాడ్జికి రారు. మాకు ఫోన్ చేసే కానిస్టేబుల్ మంచివాడే. బెదిరించడు, బతిమాలతాడు. "అన్నా, గది దొరకలేదని చెబితే నాకు మెమో ఇస్తారు" అంటాడు. ఆయనకు దీంట్లో చిల్లిగవ్వ లాభం లేదు.

పోలీసు ఇంటి కోడలు · సోమవారం, మధ్యాహ్నం 1:08

లాడ్జి లెక్కలు గారు చివర రాసిన మాట చదివి రాయాలనిపించింది. మా ఆయన కానిస్టేబుల్. గదులు, కార్లు కుదర్చడం డ్యూటీ చార్టులో ఎక్కడా ఉండదు, కానీ దానికోసం ఆయన పోగొట్టుకున్న ఆదివారాలు చాలా ఉన్నాయి. 2019లో వారానికి ఒక సెలవు అని ప్రభుత్వం ప్రకటించినప్పుడు మా ఇంట్లో పండుగలా ఉంది. ఇప్పుడు ఆ సెలవు రోజున రైల్వే స్టేషన్లో ఎవరి సామానుకో ఎదురుచూస్తుంటారు.

ఇంకో విషయం. మేమిద్దరం పిల్లలతో హోటల్‌కు వెళ్తే ఆయన బిల్లు అడుగుతారు. యజమాని ముఖం పాలిపోతుంది. "ఏమైనా తప్పు జరిగిందా సార్?" అంటాడు. డబ్బు ఇస్తే కోపం వచ్చిందని అర్థం! నలుగురి ముందు వాదించి డబ్బు బల్ల మీద పెట్టి రావాల్సి వస్తుంది. పక్క బల్లలవాళ్లు మమ్మల్నే చూస్తారు. మా పాప ఒకసారి "మనం డబ్బులు ఇవ్వకూడదా అమ్మా?" అని అడిగింది.

కరకంబాడి రోడ్డు అమ్మాయి గారూ, దయచేసి బిల్లు వేయండి. అవమానం కాదు. మా ఆయన లాంటివాళ్లకు మీరు చేయగల మర్యాద అదే.

చిత్తూరు బెల్లం · సోమవారం, సాయంత్రం 5:47

చిత్తూరు నుంచి. బెల్లం మండీలో మాది రెండు తరాల వ్యాపారం. సీజన్లో సాయంత్రమయ్యేసరికి నగదు ఉంటుంది, లారీలు వేలూరు వైపు వెళ్తాయి, కొత్త ముఖాలు తిరుగుతుంటాయి. మా వీధిలో పోలీసు బండి ఆగి, ఇద్దరు దిగి టీ తాగి వెళ్తే ఆ రాత్రి నాకు నిద్ర పడుతుంది. ఆ టీకి నేను డబ్బు తీసుకోను. సంక్రాంతికి స్టేషన్‌కు బెల్లం కూడా పంపిస్తాను. ఇందులో లంచం ఏముంది? నాకు ఏ కేసూ లేదు, ఏ మినహాయింపూ అక్కరలేదు. వాళ్లు నాలుగుసార్లు ఈ దారిలో తిరిగితే చాలు.

స్వర్ణముఖి · సోమవారం, రాత్రి 8:22

చిత్తూరు బెల్లం గారూ, మీరు నిజాయితీగా రాశారు కాబట్టి నేనూ సూటిగానే అంటాను. మీ వీధిలో పోలీసు బండి ఆగినప్పుడు ఇంకో వీధిలో ఆగదు. ఆ వీధిలో టీ కొట్టు లేకపోవచ్చు, బెల్లం పంపే స్తోమత ఎవరికీ లేకపోవచ్చు. దొంగతనం మాత్రం అక్కడా జరుగుతుంది. గస్తీ ఎక్కడ తిరగాలన్నది ఎక్కడ నేరాలు ఎక్కువో చూసి నిర్ణయించాలి, టీ ఎక్కడ దొరుకుతుందో చూసి కాదు. ప్రత్యేకంగా కాపలా కావాలంటే దానికీ దారి ఉంది. దరఖాస్తు చేసుకున్నవారి ఖర్చుతో అదనపు పోలీసులను పెట్టవచ్చని 1861 నాటి పోలీసు చట్టం 13వ సెక్షనులోనే రాశారు. అలా కట్టిన డబ్బుకు లెక్క ఉంటుంది. టీకి లెక్క లేదు.

చిన్నవాటి నుంచి ఏం పుడుతుందో వేరే దేశాలు ఇప్పటికే చూశాయి. న్యూయార్క్ పోలీసుల మీద విచారణ జరిపిన నాప్ కమిషన్ 1972లో నివేదిక ఇచ్చింది. లంచాల కోసం వేటాడేవాళ్లను మాంసం తినేవాళ్లనీ, ఎదురొచ్చిన చిన్నాచితకా తీసుకునేవాళ్లను గడ్డి తినేవాళ్లనీ అందులో విడదీశారు. సంఖ్యలో ఎక్కువ రెండో రకమే. తానూ ఏదో ఒకటి తీసుకున్న మనిషి పక్కవాడి మీద నోరు విప్పలేడు. పెద్ద దోపిడీకి కావలసిన మౌనం అలా తయారవుతుంది.

హాంకాంగ్‌లో 1973లో ఒక పెద్ద పోలీసు అధికారి విచారణ తప్పించుకుని దేశం దాటిపోతే జనం వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాదే స్వతంత్ర అవినీతి నిరోధక సంస్థ ఏర్పడింది. అక్కడ ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా ఏ లబ్ధి పొందినా నేరమే, ప్రతిగా ఏదీ చేసిపెట్టకపోయినా సరే. అయితే అక్కడికక్కడ తిని తాగేవాటిని మాత్రం ఆ చట్టం లబ్ధి కింద లెక్కించలేదు. ఏడుకొండలు గారి మజ్జిగకు చోటు ఉంది. లాడ్జి గదికి లేదు.

న్యాయవిద్యార్థి · సోమవారం, రాత్రి 10:14

మొదటి పోస్టులో చట్టం గురించి అడిగారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లా చదువుతున్నాను, తెలిసినంత చెబుతాను.

1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఆ ఏడాది జూలై 26 నుంచి అది అమల్లో ఉంది. చట్టప్రకారం అందే జీతభత్యాలు కాకుండా ప్రభుత్వోద్యోగి పొందే ఏ ప్రతిఫలమైనా దాని పరిధిలోకి వస్తుంది, డబ్బే కానక్కరలేదు. 7వ సెక్షను కింద మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మన చర్చకు బాగా దగ్గరగా ఉన్నది 11వ సెక్షను. తన ఉద్యోగ విధులతో సంబంధం ఉన్న వ్యక్తి దగ్గర ఖరీదు ఇవ్వకుండా గాని, చాలీచాలని ఖరీదు ఇచ్చి గాని ప్రయోజనం పొందడం నేరం. లాడ్జి రిజిస్టర్ తనిఖీ చేసే అధికారి ఆ లాడ్జిలోనే ఖాళీ కాలమ్‌తో గది తీసుకోవడం ఈ సెక్షనులో రాసినదానికి ఎంత దగ్గరగా ఉందో మీరే చూడండి.

"వాళ్లు అడగలేదు, నేనే ఇచ్చాను" అనే మాటకు కూడా జవాబు ఉంది. నీరజ్ దత్తా కేసులో 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని విడమరచి చెప్పింది. ఉద్యోగి అడగకపోయినా, ఇచ్చేవాడు తానుగా ఇవ్వజూపిన అక్రమ ప్రతిఫలాన్ని ఊరికే అందుకున్నా 7వ సెక్షను కింద స్వీకరించినట్లే.

మరీ స్వల్పమైన ప్రతిఫలమైతే అవినీతి ఉద్దేశం ఉందని కోర్టు ఊహించనక్కరలేదన్న వెసులుబాటు పాత 20వ సెక్షనులో ఉండేది. 2018 సవరణ తర్వాత అది లేదు. ప్లేటు ఇడ్లీకి ఎవరూ కేసు పెట్టరు, నిజమే. కానీ చిన్నది కాబట్టి చట్టమే వదిలేసిందని అనుకోవద్దు.

ఇచ్చేవారి సంగతి. 8వ సెక్షను ప్రకారం ఉద్యోగి తన విధిని అక్రమంగా చేసేందుకు గాని, అలా చేసినందుకు బహుమతిగా గాని ప్రయోజనం ఇచ్చినవారికీ ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవారికి మినహాయింపు ఉంది, కానీ ఏడు రోజుల్లోపు దర్యాప్తు సంస్థకు తెలియజేయాలి.

లాడ్జి లెక్కలు · సోమవారం, రాత్రి 10:40

ఏడు రోజుల్లో తెలియజేయాలా? ఎవరికి? గది అడిగినవాళ్లకేనా? ఏసీబీ కార్యాలయం తిరుపతిలో ఉందని నాకూ తెలుసు. అక్కడ పని చేసేవాళ్లు కూడా పోలీసు శాఖ నుంచి వచ్చినవాళ్లే. ఫిర్యాదు చేశాక కూడా నేను ఈ ఊళ్లోనే లాడ్జి నడపాలి. చట్టం రాసినవాళ్లు మా కౌంటర్ వెనుక ఒక రాత్రి కూర్చుని ఉంటే బాగుండేది.

తోపుడు బండి · మంగళవారం, ఉదయం 7:30

గోవిందరాజస్వామి గుడి దగ్గర మా నాన్న పండ్ల బండి పెడతాడు. హోటల్ వాళ్లకు ఒక ప్లేటు పోతే తెలియదు. బండి మీద నుంచి రోజూ ఒక అత్తం అరటిపళ్లు పోతే ఆ రోజు లాభం అదే. 2014 వీధి వ్యాపారుల చట్టం 27వ సెక్షనులో, నిబంధనల ప్రకారం వ్యాపారం చేసుకునేవారిని పోలీసులు సహా ఎవరూ అడ్డుకోరాదని ఉంది. దానికి ముందు వ్యాపార ధ్రువపత్రం చేతిలో ఉండాలి. నాన్న దగ్గర లేదు. లేనంతకాలం మేం ఇచ్చే పళ్లే మా ధ్రువపత్రం. ఇష్టపడి ఇస్తున్నారు అని దయచేసి ఎవరూ రాయకండి. బండి జరపమంటే ఎక్కడికి జరపాలో తెలియనివాడికి ఇష్టం అనేది ఉండదు.

ఏడుకొండలు · మంగళవారం, ఉదయం 9:05

తోపుడు బండి తమ్ముడు రాసింది చదివి బాధ కలిగింది. అలాంటి చోట తీసుకోవడం పాపం, నేను ఒప్పుకుంటాను. గదుల విషయంలోనూ వాదించను.

కానీ వ్యక్తికి కాకుండా శాఖకు ఇస్తే? మా దుకాణం తరఫున ట్రాఫిక్ వాళ్లకు బారికేడ్లు చేయించి ఇచ్చాం. గొడుగులు ఇచ్చాం. అవి ఎవరి ఇంటికీ పోలేదు, రోడ్డు మీదే ఉన్నాయి. ప్రజలకే పనికొస్తున్నాయి. దీన్ని కూడా తప్పు అంటే ఇక సేవ చేసేవాడే మిగలడు.

శేషాచలం · మంగళవారం, ఉదయం 10:50

ఏడుకొండలు గారూ, గొడుగు ఇచ్చిన చేతికి నమస్కారం. ఎండలో నిలబడ్డవాణ్ణి కాబట్టి ఆ విలువ నాకు తెలుసు. బారికేడ్ మీద మీ దుకాణం పేరు ఉందా? ఉంటే ఒకసారి ఆలోచించండి. ఆ బారికేడ్ పట్టుకుని వన్‌వే పెట్టే కానిస్టేబుల్, రేపు మీ దుకాణం ముందు రోడ్డు మీద అడ్డదిడ్డంగా నిలిపిన బండ్లకు చలానా రాయాలి. చేతి కింద మీ పేరు పెట్టుకుని మీ గిరాకీ బండికి చలానా రాయడం కుర్ర కానిస్టేబుల్‌కు ఎంత కష్టమో నేను చెప్పగలను. రాసినా "ఫలానా దుకాణం వాళ్ల బారికేడ్, ఫలానా దుకాణం ముందు మాత్రం పెట్టరు" అని జనం అనుకుంటారు. ఆ అనుకోవడమే శాఖకు నష్టం.

ఇవ్వాలనుకుంటే పేరు లేకుండా ఇవ్వండి. ఎస్పీ కార్యాలయానికి ఉత్తరం రాసి, రసీదు తీసుకోండి. ఎవరు ఏమిచ్చారో నోటీసు బోర్డులో పెట్టమనండి. ఏ స్టేషన్‌కు ఏది వెళ్లాలో వాళ్లు నిర్ణయిస్తారు.

నా మనసులో ఉన్న మాట వేరు. బారికేడ్లు, గొడుగులు, శవానికి గుడ్డ, బందోబస్తు భోజనం ఇవన్నీ ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చులు. దుకాణాలు పెడుతున్నంతకాలం ప్రభుత్వం పెట్టదు. స్టేషన్ ఎలాగో నడుస్తోంది కదా అని పైవాళ్లు అనుకుంటారు. ఎలా నడుస్తోందో ఏ కాగితం మీదా ఉండదు. కిందివాడి చేతికి డబ్బు ఇవ్వకుండా పని మాత్రం కావాలంటే వాడు ఎవరో ఒకరి ముందు చేయి చాచాల్సిందే. ఆ చేయి చాచించినవాళ్లు ఈ చర్చలో ఇంతవరకు కనబడలేదు.

ఏడుకొండలు · మంగళవారం, ఉదయం 11:15

పేరు ఉంది. మొదటిసారి చేయించినప్పుడు అది ప్రకటన అనుకునే చేయించాం, దాచడం ఎందుకు. అన్నగారి మాట మా భాగస్వాముల ముందు పెడతాను. ఒప్పిస్తానని మాట ఇవ్వలేను.

చిత్తూరు బెల్లం · మంగళవారం, మధ్యాహ్నం 2:30

నేను మాత్రం టీ విషయంలో ఇంకా ఒప్పుకోవడం లేదు. మా వీధిలో ఎవరు వచ్చినా టీ ఇస్తాం. అమ్మడానికి వచ్చిన రైతుకూ, లెక్క చూడటానికి వచ్చిన ఆడిటరుకూ ఇస్తాం. పోలీసుకు మాత్రం ఇవ్వకపోతే అది నిజంగా అవమానమే. సంక్రాంతి బెల్లం సంగతి వేరు. అది బుట్టలెక్కన పోతుంది, స్టేషన్‌కు మాత్రమే పోతుంది. ఈసారి ఆపి చూస్తాను. గస్తీ తగ్గితే ఇక్కడే వచ్చి చెబుతాను.

న్యాయవిద్యార్థి · మంగళవారం, మధ్యాహ్నం 3:02

మీ టీ విషయంలో మీతో నాకు పేచీ లేదు సార్. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమాల్లో కూడా 13వ నియమం అప్పుడప్పుడు పెట్టే భోజనాన్ని, బండి ఎక్కించుకోవడాన్ని బహుమతి కింద లెక్కించదు. తమతో అధికారిక వ్యవహారాలున్న వ్యక్తులు, సంస్థల నుంచి ఆడంబరమైన ఆతిథ్యాన్నీ, తరచుగా అందే ఆతిథ్యాన్నీ మాత్రం తప్పించుకోమంటుంది. రోజూ ఒకే హోటల్లో తింటే అది తరచుగానే కదా. అయితే టీ ఇచ్చేటప్పుడు రైతుకూ, పోలీసుకూ ఒకటే గ్లాసు కావాలి.

కరకంబాడి రోడ్డు · శనివారం, రాత్రి 10:20

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెబుతాను.

గల్లాపెట్టె పక్కన ఒక అట్ట పెట్టాను: "అందరికీ ఒకటే బిల్లు. తాగునీరు, మజ్జిగ అందరికీ ఉచితం." నాన్నకు చాలా కోపం వచ్చింది. "నువ్వు రేపు పెళ్లి చేసుకుని వెళ్లిపోతావు, నేను ఈ రోడ్డులోనే ఉండాలి" అన్నారు. రెండు రోజులు హోటల్‌కు రాలేదు. ఆయన భయం అబద్ధమని నేను అనలేను. తోపుడు బండి గారు రాసింది ఆయనకు చదివి వినిపించాను. విని ఊరుకున్నారు.

కొత్త కానిస్టేబుల్‌గారికి బిల్లు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మాస్టర్‌ను లోపలే ఉండమన్నాను. ఆయన అట్ట వైపు చూసి, డబ్బులిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని వెళ్లారు. మరుసటి రోజు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి ముగ్గురి బిల్లూ ఆయనే కట్టారు. పాతవాళ్లలో ఒకాయన మాత్రం సగం తిని లేచి వెళ్లిపోయారు, తర్వాత రాలేదు. మా హోటల్ ముందు బండ్లు నిలిపే విషయంలో ఈ వారం రెండుసార్లు విజిల్ పడింది. బండ్లు నిజంగానే రోడ్డు మీదికి ఉన్నాయి కాబట్టి ఒక కుర్రవాణ్ణి సర్దడానికి పెట్టాను.

ఇప్పుడు అసలు సమస్య. వచ్చే వారం ఒక పెద్దాయన పర్యటన ఉంది. బందోబస్తు కోసం పొద్దున్నే టిఫిన్ పొట్లాలు కావాలని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. బిల్లు ఎవరి పేరు మీద వేయాలి అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "ఇవ్వండి, చూస్తాం" అన్నారు. శేషాచలం గారూ, ఏం రాయాలో చెబుతారా?

శేషాచలం · ఆదివారం, ఉదయం 5:55

"చూస్తాం" అన్నారంటే కాదనలేదు, అది పట్టుకోండి. కార్బన్ పెట్టి రెండు కాపీలు రాయండి. పైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ హోదా మాత్రమే, వ్యక్తి పేరు వద్దు. తేదీ, ఏ బందోబస్తు, ఎన్ని పొట్లాలు, ఒక్కోటి ఎంత, మొత్తం ఎంత. పొట్లాలు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల చేత రెండో కాపీ మీద "అందినవి" అని సంతకం, నంబరు వేయించండి. డబ్బు వెంటనే రాదు. వారం ఆగి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే సోమవారం ఎస్పీ కార్యాలయంలో అర్జీలు తీసుకునేటప్పుడు కాపీ జతచేసి ఇవ్వండి. ఫిర్యాదు అని రాయకండి, బకాయి బిల్లు అని రాయండి. కాగితం మీద బందోబస్తు భోజనం ఖర్చు కనబడితే దానికి నిధులు అడగడానికి స్టేషన్‌కు కూడా ఒక ఆధారం దొరుకుతుంది. ఇది వాళ్లకు అపకారం కాదని చెప్పి ఇవ్వండి.

పోలీసు ఇంటి కోడలు · ఆదివారం, ఉదయం 8:40

ఆ బందోబస్తుకు మా ఆయన కూడా ఉంటారేమో తెలియదు. చట్నీ వేరే పొట్లంలో కట్టండి, మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

లాడ్జి లెక్కలు · ఆదివారం, ఉదయం 11:30

శేషాచలం గారు చెప్పిన పద్ధతి గదులకు సరిపోదు. పొట్లాలు బందోబస్తుకు, కాబట్టి ప్రభుత్వం కట్టాలి అనవచ్చు. చుట్టాల గదికి ఏ ఖాతాలో కడతారు? అందుకని యజమానిని ఇంకోటి అడుగుతున్నాను: అద్దె కాలమ్‌లో అసలు అద్దె పెన్నుతో రాసి, "చెల్లించలేదు" అని కూడా పెన్నుతోనే రాద్దామని. ఎవరి తరఫున గది అడిగారో పక్కనే రాద్దామని. రిజిస్టర్ తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని చదవాల్సి వస్తుంది కదా. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మా వీధిలో మిగతా లాడ్జీలవాళ్లు కూడా రాస్తే తానూ రాస్తానన్నారు. వాళ్లలో ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే నాకు విడిగా సందేశం పంపండి.